తిరిగి కట్టేదాకా నీ దగ్గర ఉంచు

అవనిగడ్డ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర వరండాలో ముప్పై నాలుగేళ్లు దస్తావేజులు రాశాను. నాకంటే ముందు మా నాన్నగారు అదే బల్ల మీద రాశారు. స్థలం కొనేవాళ్లు కాగితాల సంచీ తెచ్చి ముందు పెడితే నా చెయ్యి మొదట లింకు దస్తావేజుల మీదికే వెళ్లేది. అమ్మేవాడికి ఇది ఎవరి నుంచి వచ్చింది, ఆ ఇచ్చినాయనకు ఎలా వచ్చింది, మధ్యలో పంపకాలు జరిగాయా, తాకట్టు పడిందా అని వెనక్కి వెనక్కి వెళ్లేవాణ్ణి. ఒక్క లంకె తప్పినా "ఆగండి" అనేవాణ్ణి.

2023లో డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలున్నాను. ఒకరోజు అమ్మాయి, "నాన్నా, నీకు నచ్చే పాత కాగితాలు ఊళ్లోకొచ్చాయి, పద" అని నన్నూ పదేళ్ల మనవణ్నీ కారెక్కించుకుని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలోని బ్రిడ్‌వెల్ లైబ్రరీకి తీసుకెళ్లింది. అక్కడ అద్దాల పెట్టెలో ఒక లావుపాటి పుస్తకం తెరిచి ఉంది. న్యూయార్క్‌లో వేలం వెయ్యబోయే ముందు లండన్, టెల్ అవీవ్, డల్లాస్, లాస్ ఏంజెలస్ నగరాల్లో జనానికి చూపిస్తున్నారు. పేరు కోడెక్స్ సాసూన్. తోలు మీద హీబ్రూ లిపిలో చేత్తో రాసిన బైబిల్. వయసు సుమారు 1,100 ఏళ్లు.

మనవడు అద్దానికి ముక్కు ఆనించి చూసి, "తాతయ్యా, ఇది ఎవరిది?" అన్నాడు.

ముప్పై నాలుగేళ్లు నేను అన్నం తిన్నది ఆ ప్రశ్న మీదే. కానీ ఆ పూట వాడికి జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నుంచి అమ్మాయి చేత చదివించుకుంటూ నోటుబుక్కులో ఒక్కొక్క లంకే రాసుకున్నాను. నాకు తెలిసొచ్చిందేమిటంటే, ఈ పుస్తకానికి లింకు దస్తావేజులు వేరే సంచీలో లేవు. వాటిలో అన్నిటికంటే పాతవి పుస్తకంలోనే, ఆ తోలు పుటల మీదే రాసి ఉన్నాయి.

షెడ్యూలు ఆస్తి వివరం

ఏ దస్తావేజులోనైనా ఆస్తి వివరం ఉండాలి కదా. ఇది యూదుల పవిత్ర గ్రంథం. మన క్రైస్తవ సోదరులు పాత నిబంధన అని చదివేది ఇదే. వాళ్లలో ప్రొటెస్టెంట్ల లెక్కలో 39 పుస్తకాలు, యూదుల లెక్కలో 24. విషయం తగ్గలేదు, లెక్కపెట్టే తీరే వేరు. సమూయేలు, రాజులు, దినవృత్తాంతములు మనవాళ్లకు రెండేసి పుస్తకాలు, వాళ్లకు ఒక్కొక్కటే. ఎజ్రా, నెహెమ్యా కలిపి ఒకటి. పన్నెండుగురు చిన్న ప్రవక్తలూ కలిసి ఒకే పుస్తకం.

ఇప్పుడు మిగిలినవి 396 పత్రాలు, అంటే 792 పుటలు. బరువు పన్నెండు కిలోల దాకా ఉంటుంది. ఓ పన్నెండు పత్రాలు పోయాయి. పోయినవాటిలో ఆదికాండం మొదటి అధ్యాయాలున్నాయి. ఇందులో నాకు ఆశ్చర్యం కలగలేదు. మడతలు పడీ, చేతులు తగిలీ ముందుగా చిరిగేది మొదటి పుటే. పాత దస్తావేజుల కట్టలో స్టాంపున్న మొదటి కాగితమే నలిగిపోయి వచ్చేది.

పుటలు పార్చ్‌మెంటు. జంతువు చర్మాన్ని నానబెట్టి, రోమాలు ఊడదీసి, చట్రానికి బిగించి, రెండువైపులా గీకి, లాగిపట్టి ఆరబెడితే వచ్చేది పార్చ్‌మెంటు. రోమాలున్న వైపు కాస్త రంగు తేలి ఉంటుంది, మాంసం వైపు తెల్లగా ఉంటుంది. అంత పెద్ద పత్రాలు ఒక్కో చర్మం నుంచి నాలుగు వచ్చాయనుకున్నా మొత్తం పుస్తకానికి వంద చర్మాలు కావాలి. ఒక మందంత సొమ్ము. ముందు డబ్బున్నవాడో, పదిమంది కలిసిన సంఘమో పూనుకుంటేనే రాతగాడు కలం పట్టగలిగేది.

పుటకు మూడు వరసలుగా రాశారు. కీర్తనలు, యోబు, సామెతలు లాంటి కవిత్వపు భాగాలు వచ్చేసరికి రెండు వరసలు. ఆ వరసల చుట్టూ, పైనా కిందా, చీమల బారులాగా సన్నని అక్షరాలు. ఆ సన్న అక్షరాల దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను.

హీబ్రూలో రాసేవి హల్లులే. మన భాషలో గుణింతాలు లేకుండా "క ల" అని మాత్రం రాశామనుకోండి. అది కల కావచ్చు, కాలు కావచ్చు, కీలు కావచ్చు, కోల కావచ్చు. చదివేవాడికి ముందే తెలిసుంటేనే సరిగా చదువుతాడు. తరాలు గడిచి, జనం దేశదేశాలకు చెదిరిపోయాక, తప్పు చదువుతారేమోనన్న భయం పట్టుకుంది. మసోరెట్లు అనే పండితులు గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియ పట్నంలోనూ మరికొన్ని చోట్లా కూర్చుని, అక్షరాల పైనా కిందా చుక్కలు, గీతలు పెట్టి ఉచ్చారణను బిగించారు. మన గుణింతపు గుర్తుల్లాంటివే అవి. అంతటితో ఆగలేదు. ఫలానా మాట గ్రంథం మొత్తంలో ఎన్నిసార్లు వస్తుంది, ఎక్కడ ఒక అక్షరం ఎక్కువగా ఉంటుంది, రాసింది ఒకటైతే చదవాల్సింది ఏది అని లెక్కలు కట్టి అంచుల్లో రాశారు. అదే మసోరా.

నా పనిలో కొట్టివేతలు, దిద్దుబాట్లు, చేర్పులు ఎక్కడ జరిగాయో దస్తావేజు చివర రాసి సంతకాలు పెట్టిస్తాం. తరవాత ఎవడూ ఒక మాట దూర్చకుండా, ఒక సున్నా చేర్చకుండా. ఆ అంచుల్లోని లెక్కలు చూసినప్పుడు, వెయ్యేళ్ల కిందట నా పనే ఎవరో నాకంటే శ్రద్ధగా చేశారనిపించింది.

ఈ పుస్తకానికి ఎందుకింత విలువ? మృత సముద్రపు చుట్టలు దీనికంటే వెయ్యేళ్లు పాతవి. కానీ వాటిలో ఎక్కువభాగం విడివిడి పుస్తకాలు, ముక్కలు. పుటలు తిప్పి చదివే ఒకే పుస్తకంగా మొత్తం హీబ్రూ బైబిల్ కట్టిన ప్రతుల్లో చాలాకాలం అలెప్పో కోడెక్స్‌దే పేరు. అది 930 ప్రాంతంలో తయారైంది. 1947లో సిరియాలోని అలెప్పోలో జరిగిన అల్లర్లలో అది దాచి ఉన్న ప్రార్థనాలయం తగలబడింది. 487 పత్రాల్లో ఇప్పుడు 295 మిగిలాయి. పూర్తిగా నిలిచిన లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ 1008 నాటిది. కార్బన్ పరీక్ష, లిపి తీరు కలిపి చూసి కోడెక్స్ సాసూన్‌ను 9వ శతాబ్దం చివర, 10వ శతాబ్దం మొదట తయారైనదిగా తేల్చారు. దాదాపు మొత్తం గ్రంథం ఒకే కట్టలో దొరికే ప్రతుల్లో ఇదే పాతది.

మొదటి లంకె: అత్తరు వ్యాపారి ఇంటిపేరు

పుస్తకంలో ఉన్న పాత రాతల్లో ఒకటి అచ్చంగా క్రయపత్రం. ఖలాఫ్ బెన్ అబ్రహామ్ అనే ఆయన దీన్ని ఐజాక్ బెన్ ఎజెకియెల్ అల్ అత్తార్‌కు అమ్మాడు. ఖలాఫ్ పాలస్తీనా, సిరియా ప్రాంతాల్లో తిరిగిన వ్యాపారి. ఐజాక్ ఇంటిపేరు చూడండి, అల్ అత్తార్. మన అత్తరు అన్న మాటే అది. సుగంధద్రవ్యాలు అమ్మిన కుటుంబం. ఐజాక్ తరవాత పుస్తకం ఆయన ఇద్దరు కొడుకులు ఎజెకియెల్, మైమోన్‌లకు దఖలు పడింది. ఇదంతా సుమారు వెయ్యేళ్ల కిందటి మాట. మన రాజమహేంద్రవరంలో నన్నయగారు భారతం మొదలుపెట్టిన శతాబ్దం.

అమ్మినవాడు, కొన్నవాడు, వారసులు. లంకె సరిపోయింది. అయితే రాసిన చోటు చూసి నాకు ఒళ్లు జలదరించింది. మనం పొలం కొంటే హక్కు కాగితం మీద ఉంటుంది, పొలం వేరే ఉంటుంది. ఇక్కడ హక్కూ ఆస్తీ ఒకే తోలు మీద ఉన్నాయి. పుస్తకం ఎక్కడికి పోతే దాని చరిత్ర అక్కడికి పోయింది. అందుకే ఈనాడు మనం చదవగలుగుతున్నాం.

రెండో లంకె: అమ్మకూడని ఆస్తి

13వ శతాబ్దానికల్లా పుస్తకం ఈశాన్య సిరియాలో మకిసీన్ అనే ఊరి యూదు ప్రార్థనాలయానికి అంకితమైంది. ఆ చోటును ఇప్పుడు మర్కదా అంటారు. అక్కడితో ఇది ఒక మనిషి సొత్తు కాకుండా పోయింది, దేవుడి సొత్తయింది. మన దగ్గర దేవుడి మాన్యాలు ఉంటాయి కదా. అలాంటి సర్వే నంబరు ఎవరైనా రిజిస్ట్రేషనుకు తెస్తే, "ఇది 22-ఏ జాబితాలో ఉందయ్యా, రాయడం కుదరదు" అని చేతులు జోడించి వెనక్కి పంపేవాళ్లం. దేవుడికిచ్చింది దేవుడిదే. పూజారీ ధర్మకర్తా దాన్ని చూసుకుంటారు, అనుభవిస్తారు, అమ్మలేరు. మకిసీన్ వాళ్లు పుస్తకాన్ని ఆ వరసలో చేర్చారు. యూదులు ప్రార్థనలో చదివేది తోలు చుట్టనే. ఇలాంటి కట్టిన పుస్తకం పాఠం సరిచూసుకోవడానికీ, చదువుకోవడానికీ. ఊరికి ఒక ప్రమాణ గ్రంథం అన్నమాట.

ఆ తరవాత మకిసీన్ నేలమట్టమైంది. 13వ శతాబ్దపు మంగోలు దాడుల్లో జరిగిందని కొందరు చరిత్రకారులు, 1400 ప్రాంతంలో వచ్చిన తైమూరు సేనల పనని మరికొందరు చెబుతారు. ప్రార్థనాలయం పోయింది. పుస్తకం మిగిలింది. అప్పుడు పుస్తకంలో ఇంకో రాత చేరింది. దాని సారం ఇది: పుస్తకాన్ని సలామా ఇబ్న్ అబీ అల్ ఫఖ్ర్ అనే ఆయనకు అప్పగించాం, మకిసీన్‌లో ప్రార్థనాలయం తిరిగి కట్టేదాకా ఆయన దగ్గర ఉంటుంది, కట్టాక తిరిగి ఇస్తాడు.

ఈ మాటలు అమ్మాయి చదివి వినిపించినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు.

1977 నవంబర్ 19 రాత్రి దివిసీమ మీద ఉప్పెన పడింది. మా చుట్టుపక్కల ఊళ్లలో మనిషి మిగలని ఇళ్లు ఎన్నో. మాకు తెలిసిన ఒక చిన్న ఊళ్లో గుడి కూలిపోయింది. ఉత్సవ విగ్రహాలు మాత్రం బురదలో దొరికాయి. వాటిని ఎక్కడ పెట్టాలి? గోడలు నిలిచిన ఇల్లు ఒకటే ఉంది. ఆ ఇంటాయన ఒక తెల్లకాగితం తెచ్చి, "పంతులుగారూ, రాసి పెట్టండి. రేపు నేనున్నా లేకున్నా మా పిల్లలు ఇది మాదే అనుకోకూడదు" అన్నారు. స్టాంపు లేదు, రిజిస్ట్రేషను లేదు. నాన్నగారు నాలుగే వాక్యాలు రాశారు. గుడి కట్టేదాకా నా ఇంట ఉంచుకుంటాను, కట్టిన రోజు అప్పగిస్తాను అని. కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షులు. ఆ పక్కనే కూర్చుని సిరాబుడ్డి పట్టుకున్నది నేను.

సలామా అనే ఆయన ఎలా ఉండేవాడో నాకు తెలియదు గానీ, ఆయన ఒప్పుకున్న బరువు ఎంతటిదో తెలుసు. క్రయపత్రంలో దాన వినిమయ విక్రయాది సర్వహక్కులూ ఇస్తున్నామని రాస్తాం. సలామాకు ఆ హక్కుల్లో ఒక్కటీ దక్కలేదు. దక్కింది కాపలా ఒక్కటే. ఊరు చెదిరిపోయి, కూడూ గూడూ వెతుక్కునే రోజుల్లో పన్నెండు కిలోల పుస్తకాన్ని మోసుకుంటూ, తనది కాదని ఒప్పుకుంటూ బతకాలి. ఈ గొలుసు మొత్తంలో పుస్తకాన్ని నిలబెట్టింది ఆ లంకేనని నా నమ్మకం.

మకిసీన్‌లో ప్రార్థనాలయం మళ్లీ లేవలేదు.

బొంబాయిలో పుట్టిన కొనుగోలుదారు

ఆ తరవాత ఐదు వందల ఏళ్లకు పైగా గొలుసు కనపడదు. రాత లేదు, సాక్షి లేడు. మా ఆఫీసులో అయితే ఇక్కడే కట్ట మూసేసేవాణ్ణి. కానీ పుస్తకం ఎవరి అటక మీదో, ఏ పెట్టెలోనో బతికే ఉంది. 1929లో మళ్లీ వెలుగులోకొచ్చింది. అప్పుడు 350 పౌన్లకు కొన్నది డేవిడ్ సాలమన్ సాసూన్.

ఈ పేరు మనకు కొత్తదేం కాదు. ముంబయి వెళ్లినవాళ్లు సాసూన్ డాక్స్, డేవిడ్ సాసూన్ లైబ్రరీ చూసే ఉంటారు. పుణేలో సాసూన్ ఆసుపత్రి ఉంది. ఈయన తాత డేవిడ్ సాసూన్ బాగ్దాద్ యూదుడు. అక్కడి పాలకుల వేధింపులు పడలేక 1832లో బొంబాయి చేరి పత్తి, నల్లమందు వ్యాపారాల్లో పెద్ద ఆస్తి కూడబెట్టాడు. ఆ నల్లమందు చైనాలో ఎన్ని కొంపలు కూల్చిందో కూడా ఈ ఆస్తి చరిత్రలో భాగమే, దాచకూడదు. మనవడు డేవిడ్ సాలమన్ 1880లో బొంబాయిలోనే పుట్టాడు. తల్లి ఫ్లోరా సాసూన్ భర్త పోయాక బొంబాయి వ్యాపారాన్ని తానే నడిపింది. హీబ్రూ గ్రంథాల్లో పండితురాలు. 1901లో కుటుంబం లండన్ చేరింది. కొడుకు తాతలా సరుకుల వెంట పడలేదు. రాతప్రతుల వెంట పడ్డాడు. వెయ్యికి పైగా సేకరించి 1932లో ఒహెల్ డావిడ్ అనే రెండు సంపుటాల జాబితా అచ్చువేయించాడు. అందులో ఈ పుస్తకం సంఖ్య 1053. లోపల తన గ్రంథాలయపు చీటీ అతికించాడు. వెయ్యేళ్ల కిందటి క్రయపత్రం, మకిసీన్ అంకితం, సలామా అప్పగింత, వాటి వెనకాల బొంబాయి బిడ్డ చీటీ. ఒకే అట్టల మధ్య.

రైల్వే పింఛనుదారులు, వేలంపాటలు

డేవిడ్ సాలమన్ 1942లో కన్నుమూశాడు. వారసుల మీద బ్రిటన్ పన్నుల భారం పడింది. 1970లలో సేకరణలోని ప్రతుల్ని విడతలుగా వేలానికి పెట్టారు. 1978లో జూరిచ్‌లో ఈ పుస్తకాన్ని సుమారు 3,20,000 డాలర్లకు కొన్నది బ్రిటిష్ రైల్ పింఛను నిధి.

అవును, రైల్వే ఉద్యోగుల పింఛను డబ్బు. 1974 నుంచి ఆ నిధి వాళ్లు ధరలు మండిపోతుంటే నోట్ల విలువ కరిగిపోకుండా కొంత సొమ్ము కళాఖండాల మీద, పాత పుస్తకాల మీద పెట్టారు. పట్టాలు సరిచేసిన గ్యాంగ్‌మన్, జెండా ఊపిన గార్డు, టిక్కెట్లు కొట్టిన గుమస్తా పదకొండేళ్లపాటు ఈ బైబిల్‌కు యజమానులు. వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో! 1982లో లండన్‌లో ఒకసారి జనానికి చూపించారు. 1989లో అమ్మితే 31.9 లక్షల డాలర్లు పలికింది, పదింతలు. ఆ తరవాత జాకీ సఫ్రా అనే స్విట్జర్లాండ్ ధనికుడి చేతికి వెళ్లింది. ఆయన దగ్గర ముప్పై ఏళ్లకు పైగా ఉంది. కార్బన్ పరీక్ష జరిగిందీ ఆయన కాలంలోనే.

మేము చూసొచ్చిన కొద్ది వారాలకు, 2023 మే 17న, న్యూయార్క్‌లో సోదబీస్ వాళ్లు వేలం వేశారు. 3.81 కోట్ల డాలర్లు. మన లెక్కలో మూడు వందల కోట్ల రూపాయలకు పైమాటే. 1994లో లియొనార్డో డావిన్చి నోటుబుక్కు కోడెక్స్ లెస్టర్‌ను బిల్ గేట్స్ 3.08 కోట్ల డాలర్లకు కొన్నాడు. ఇది దాన్ని దాటింది. కొన్నది అమెరికా తరఫున రొమేనియాలో రాయబారిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ మోజెస్, ఆయన కుటుంబం. తమ ఇంటికి తీసుకెళ్లలేదు. టెల్ అవీవ్‌లో యూదు ప్రజల చరిత్రను చెప్పే అను మ్యూజియానికి ఇచ్చేశారు.

ఆ వార్త చూసి మనవడు గంతులేశాడు. "తాతయ్యా, అయితే ఇప్పుడు మ్యూజియందా?"

వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నా నోటుబుక్కు చూపించాను. ఖలాఫ్, ఐజాక్, ఆయన కొడుకులు, మకిసీన్ ఊరు, సలామా, సాసూన్‌లు, రైల్వేవాళ్లు, సఫ్రా, మోజెస్, మ్యూజియం. "కాగితం ప్రకారం మ్యూజియందే. కాని ఈ పేరు దగ్గర ఆగు" అని సలామా మీద వేలు పెట్టాను. ముందు వచ్చినవాళ్లూ తరవాత వచ్చినవాళ్లూ పుస్తకాన్ని కొన్నారు, వారసత్వంగా పొందారు. వీళ్లలో నాది కాదు అన్న షరతుతో పుచ్చుకున్నట్టు రాత ఉన్నది ఈయన ఒక్కడికే. డబ్బున్నవాళ్లు ఈ పుస్తకానికి ధర కట్టారు. ఇలాంటివాళ్లు ఉండబట్టి ధర కట్టడానికి పుస్తకమంటూ మిగిలింది. మోజెస్ కుటుంబం దాన్ని నలుగురూ చూసే చోట పెట్టింది కాబట్టి, ఈ గొలుసులో సలామాకు దగ్గరగా వచ్చింది వాళ్లేనని నాకనిపిస్తుంది. వేలంపాట ధర కంటే నేను సంతోషించింది అందుకు.

దివిసీమలో ఆ ఊరి గుడి నాలుగేళ్లకు మళ్లీ లేచింది. ప్రతిష్ఠ నాడు ఆ ఇంటాయన విగ్రహాలతో పాటు నాన్నగారు రాసిన కాగితం కూడా తెచ్చారు. మడతల దగ్గర చిరిగి ఉంది. నాన్నగారు దాన్ని తిరగేసి వెనకవైపు, "అప్పగించడమైనది, ముట్టినది" అని రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఒక దస్తావేజు అంత నిండుగా ముగియడం ఆ తరవాత నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

మకిసీన్ వాళ్లు సలామా పేరిట రాసిన రాత కింద ఆ రెండో మాట ఇంకా పడలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంది. షరతు తీరలేదు కనుక, నా లెక్క ప్రకారం ఆ అప్పగింత ఈనాటికీ చెల్లుతుంది. పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ, తెలిసో తెలియకో, ఆయన తరఫున కాపలా ఉన్నవాళ్లే.